అంచు మీద ఐదు మరకలు

మొదటి ఇన్నింగ్స్‌లో నాలుగో బంతికే అవుటయ్యాను. వరసగా ఐదోసారి, అచ్చం అలాగే. తిన్నగా వస్తున్నట్టు నమ్మించిన బంతి, నేను బ్యాటు చాచాక పక్కకు తిరిగి, అంచుకు తగిలి స్లిప్‌లో నిలబడ్డవాడి చేతుల్లో పడింది. రెండో ఇన్నింగ్స్‌లోనూ ఇంతే అయితే జట్టులో నా చోటు ఇంకొకరికిస్తానని కోచ్ ముఖం మీదే చెప్పాడు.

ఆ సాయంత్రం పిన్ని దుకాణానికి వెళ్లాను. ఆమె అమ్మకు చెల్లెలు, బ్యాట్లు బాగుచేస్తుంది. క్రికెట్ చూసే ఓపిక మాత్రం ఆమెకు లేదు.

"పిడి వదులైంది పిన్నీ. అంచు మీద బంతి అంటించిన ఆ ఎర్ర మరకలు కూడా గీకెయ్. చూస్తుంటే తల కొట్టేసినట్టుంది."

ఆమె పిడికి జిగురు పెట్టి దారం చుట్టింది. మరకల జోలికి పోలేదు.

"ఒరేయ్, ఐదూ బయటి అంచు మీదే, కింది కొన దగ్గరే. చేతులు చాచి ఎందుకురా వెంటపడతావు? నీ దాకా రానీ. నీది కాదనిపిస్తే పోనీ."

"వదిలేస్తుంటే జనం నవ్వుతారు."

"ఇప్పుడేమన్నా దండలు వేస్తున్నారా? మరకలు ఉండనీ. కొత్తవి రాకపోతే అప్పుడు తీద్దాం."

చివరి రోజు భోజన విరామం తర్వాత మా బ్యాటింగ్. సాయంత్రం దాకా నిలబడితేనే డ్రా. పైన మబ్బు, ఎదురుగా కొత్త బంతి. పొడుగు బౌలరు దాన్ని ఒకవైపే ప్యాంటుకు రుద్ది రుద్ది మెరిపిస్తున్నాడు.

మొదటి బంతి ఊరించింది. చేతులు జిలపెట్టాయి. ఆగాను. అది చివర్లో పక్కకు తిరిగి కీపరు చేతుల్లో పడింది. అలా ఎన్ని వదిలేశానో! "బ్యాటు ఇంట్లో మరిచిపోయావా?" అని చూసేవాళ్లలో ఒకాయన గొంతు చించుకున్నాడు. గంట గడిచేసరికి బౌలరుకే ఓపిక నశించి, బంతి నా కాళ్ల మీదికి వెయ్యడం మొదలుపెట్టాడు. అవి మాత్రం కొట్టాను. మావాళ్లు ఏడుగురు అవుటై వెళ్లిపోయారు. నేను ఆఖరి దాకా ఉన్నాను. ముప్పై ఒక్క పరుగులు, మ్యాచ్ డ్రా.

మర్నాడు దుకాణం తెరవకముందే గుమ్మంలో ఉన్నాను. పిన్ని స్కోరు అడగలేదు. బ్యాటు కిటికీ దగ్గర పెట్టి, అంచు పొడవునా వేలితో తడిమింది.

"ఐదే," అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా ఆట నిలబెట్టావు పిన్నీ. నీ మేలు మరిచిపోను."

"చాల్లే, పెద్ద మాటలు!" అంటూ ఉప్పుకాగితం నా చేతిలో పెట్టింది. "ఇక నువ్వే రుద్దుకో."