పూలు పోయిన దారి

మునెమ్మకు నీళ్లంటే భయం లేదన్న సంగతి అత్తిమంజేరిపేటలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా మిగిలుంటే ఆమే చెప్పుకుంటుంది. చేని బావిలో నడుముకు తాడు కట్టి ఆమె ఈత నేర్పిన పిల్లలు ఇప్పుడు బస్సులు నడుపుతున్నారు, ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. కొడుకు విఘ్నేష్ కూడా ఆ తాడుతో తేలినవాడే. ఇక మిగిలింది ఎనిమిదేళ్ల మనవరాలు నివేద ఒక్కతే.

దానికి అడ్డం కోడలు రంజిత. తిరువళ్లూరులో పుట్టి పెరిగిన పిల్ల, కుళాయి నీళ్లు తప్ప వేరే నీళ్లను నమ్మదు. ఏటా సెలవలు రావడం, ఆమె ఏదో సాకు చెప్పి కూతుర్ని పంపకపోవడం, మునెమ్మ మూతి ముడుచుకోవడం మామూలైపోయింది. ఈసారి మునెమ్మ పట్టు విడవకపోయేసరికి రంజిత ఒక బేరం పెట్టింది.

"ఆదివారం పళవేర్కాడు సముద్రానికి పోతా ఉండాము కదత్తా. ఆడ పాపను మీరే చూసుకోండి. పదిలంగా తోడుకొస్తే ఈ సెలవలకు బావికి పంపిస్తాను."

మునెమ్మకు నవ్వొచ్చింది. నడిబావిలో జారిపడ్డ చెంబును మునిగి తెచ్చిన మనిషికి ఇదొక పరీక్షా?

ఆదివారం కారు దిగి ఇసుకలో నడుస్తుంటే ముందు మునెమ్మ, వెనక మిగతావాళ్లు. నిజానికి ఆమె సముద్రాన్ని చూడటం అదే మొదలు, కానీ ఆ నడక చూస్తే ఎవరూ అనుకోరు. ఎటు చూసినా అలలు తెల్లగా విరిగి పడుతున్నాయి. వాటి నడుమ ఒకచోట మాత్రం బండిబాట అంత వెడల్పున నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. అక్కడ అల విరగడం లేదు. రంగు కొంచెం మట్టిగా ఉంది, అంతే.

"ఈడ దిగుదాము. ఈడ సముద్రం నిద్రపోతా ఉంది" అని తేల్చేసింది మునెమ్మ. విఘ్నేష్‌కూ సబబుగానే తోచింది. బావిలో ఈదినవాళ్లకు కదలని నీళ్లంటే మంచి నీళ్లే మరి. నివేద అప్పటికే గౌను ఎత్తి పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఉండు పాపా. ముందు గంగమ్మకు చెప్పుకోవాల."

కొత్త నీళ్లలో పూలివ్వకుండా కాలు పెట్టడం ఆ ఇంట్లో లేదు. మునెమ్మ కొప్పులోంచి మల్లెదండ తీసింది. పాదాలు తడిసేదాకా ఒక్కతే వెళ్లి, దండను నీళ్లలో వదిలి, చేతులు జోడించి కళ్లు మూసుకుంది. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామితో మొదలుపెట్టి తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంది.

కళ్లు తెరిచేసరికి దండ లేదు. ఒడ్డున వెతికింది, కనపడలేదు. పక్కన అలలు ఎవరిదో పాత చెప్పును మళ్లీ మళ్లీ ఒడ్డుకే తెచ్చి పడేస్తున్నాయి. పూలు మాత్రం, అలలు విరిగే చోటు కూడా దాటి, ఎవరో పిలిచినట్టు తిన్నగా లోపలికి పోతున్నాయి.

మునెమ్మకు ఊరి చెరువు గుర్తొచ్చింది. అది నిండిన ఏడాది తూము ఎత్తితే, దాని ముందర నీళ్లూ ఇలాగే నిమ్మళంగా ఉంటాయి. పైకి ఏమీ తెలియదు, దిగిన దూడ మళ్లీ రాదు. ఆ దాపులకు పిల్లల్ని పోనివ్వకుండా తరిమినది తనే. అలాంటి చోటికి తన చేత్తో మనవరాల్ని తోడుకొచ్చింది.

'ఈడ గవ్వలు గుచ్చుకుంటాయి, పక్కకు పోదాము' అంటే చాలు, ఎవరికీ తెలియదు. బేరం బేరంలాగే ఉంటుంది. తప్పు ఒప్పుకుంటే మాత్రం బావికి తాళం వేసి, ఆ తాళంచెవి రంజిత చేతిలో పెట్టినట్టే. తప్పు ఒప్పుకోవడం మునెమ్మకు అలవాటున్న పని కూడా కాదు. కానీ రేపు తను లేనప్పుడు వీళ్లు మళ్లీ వస్తారు. అవ్వ చూపించిన చోటని ఇక్కడే దిగుతారు.

వెనక్కి వచ్చి నివేద చెయ్యి పట్టుకుంది.

"నేను తప్పు చోటు చూపించినాను. ఈడ నీళ్లు లోపలికి లాగతా ఉండాయి, ఆ పూలు చూడండి. ఎప్పుడొచ్చినా, నేను లేకున్నా, ఇట్ల నిమ్మళంగా ఉండే చోట కాలు పెట్టొద్దండి."

రంజిత పూలవైపు చూసింది, అత్తవైపు చూసింది. విఘ్నేష్ పోయి పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్నాయనను అడిగాడు. అక్కడ లాగుడు ఉందని, అది రోజుకో చోటికి మారుతుందని చెప్పి, ఆయన దూరంగా జనం ఉన్నవైపు చెయ్యి చూపించాడు. అక్కడికే వెళ్లారు. మోకాళ్లు దాటకుండా, నివేదను అటు తండ్రి, ఇటు అవ్వ పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఎగిరారు. నివేద నవ్వు ఆపితే ఒట్టు.

సాయంత్రం కారు దగ్గర చీర కుచ్చిళ్లు పిండుకుంటూ మునెమ్మ బావి మాట ఎత్తలేదు. ఎత్తే మొహం లేదనుకుంది, అందుకు లోపల ఏడుపొచ్చింది కూడా.

"సెలవలు ఇచ్చినాక పాపను తోడుకొస్తానత్తా" అంది రంజిత.

"తప్పు చోటు చూపించినాను కదమ్మా."

"చెప్పినారు కదా. తప్పును దాచని మనిషి దగ్గరికి పాపను పంపించేదానికి నాకు భయం లేదు." చెప్పులకంటిన ఇసుక దులుపుకుంటూ మెల్లగా అడిగింది. "ఆ తాడు పెద్దోళ్లకు కూడా ఆగతాదా అత్తా?"

మునెమ్మ కోడలి నడుమును కిందికీ పైకీ చూసి, చాలాసేపటికి మళ్లీ మునుపటి మునెమ్మ అయింది.

"నీకు రెండు పేటలు వేస్తాలే."