సీతాలు గెలిచిన గట్టు

ఒరియా నేల మీద, పొలసర చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి బోర్డర్ అన్న మాట ఒక్కటి దొరికితే చాలు, ఇంకే మాటా అక్కర్లేదు. ఆంధ్రాలోకి దాటే చోటూ బోర్డరే, బరంపురం పట్టుచీర అంచూ బోర్డరే, పదో తరగతి ఎలాగో గట్టెక్కినవాడూ బోర్డర్లో పాసైనవాడే. సీతాలుకి మాత్రం బోర్డర్ అంటే తన మడికీ కాశయ్య మడికీ నడుమనున్న మూరెడు గట్టు.

ఏటా తొలకరి పడగానే ఎవరివైపు వాళ్ళు ఆ గట్టును పారతో చెక్కి బురద మెత్తాలి. ఆ సందులో రెండోవాళ్ళు చూడకుండా దాన్ని నాలుగు వేళ్ళు అవతలికి జరపడం ఇద్దరికీ అలవాటే.

"ఓలమ్మీ సీతాలూ! నా బోర్డర్ తినేత్తన్నావేటి?" అని కాశయ్య కేకేసేవాడు.

"నువ్వు తిన్నది ముందు కక్కు, కాశన్నా!" అని సీతాలు పార ఎత్తేది.

అలా ఇరవై ఏళ్ళు. గంజి వేళదాకా తిట్టుకుని, అదే గట్టు మీద చెరో కొసన కూర్చుని తినేవాళ్ళు. మొగుడు పోయి, పిల్లాజెల్లా లేని సీతాలుని రోజు మొత్తంలో పేరుపెట్టి పిలిచే గొంతు అదొక్కటే. ఆ సంగతి ఆ పిచ్చిదానికి అప్పట్లో తెలియలేదు.

నిరుడు మాటామాటా పెరిగి, "దమ్ముంటే అమీన్ని తెచ్చి కొలిపించు!" అన్నాడు కాశయ్య. ఆవిడకి పౌరుషం పొడుచుకొచ్చింది. తహసీలు ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగి భూములు కొలిచే అమీన్ని తెచ్చే తెచ్చింది. అతను గొలుసు లాగాడు, కాగితం చూశాడు, గట్టంతా సీతాలుదే అన్నాడు. నాలుగు సిమెంటు రాళ్ళు పాతించి, "సరిగలా" అన్నాడు ఒరియాలో, పని అయిపోయిందని. చూడవచ్చినవాళ్ళు కాశయ్యను చూసి నవ్వారు. సీతాలూ నవ్వింది, అందరికన్నా గట్టిగా.

కాశయ్య తలగుడ్డ దులుపుకున్నాడు. "సర్కారు రాయేసినాక మనకి మాటలేటమ్మా," అని వెళ్ళిపోయాడు.

అంతే. ఆ తర్వాత కాశయ్య గట్టువైపు రాకుండా అటు చివరి దారినే మడిలోకి దిగేవాడు, పని చూసుకుని అటే పోయేవాడు. సీతాలు కావాలని దగ్గింది, లేని ఆవుని అదిలించింది, పారని రాయికేసి కొట్టింది. అతను తలెత్తలేదు. ఒక్కతే కూర్చుంటే గంజి గొంతు దిగేది కాదు. మొగుడు పోయినప్పటికన్నా ఇప్పుడే ఒంటరిదైపోయింది.

ఈ ఏడు తొలకరికి తెల్లవారగానే వెళ్ళి, రాయి దాటి కాశయ్య మడిలోకి జానెడు మేర బురద మెత్తేసింది. దాచాలని కూడా చూడలేదు. గట్టు మీద కూర్చుని, అతనేమని తిడతాడో, తనేమనాలో అన్నీ కూడగట్టుకుంది.

కాశయ్య వచ్చాడు, చూశాడు. సీతాలు లేచి నిలబడింది.

"ఏటి సూత్తావు? నానే తిన్నాను! తిట్టు!" అంది ఆత్రంగా.

"పోన్లేమ్మా, ఉంచుకో. జానెడు నేల నాకెందుకు," అన్నాడు మెత్తగా, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. పార భుజాన వేసుకుని అటు చివరికి నడిచాడు.

సీతాలుకి ఏడుపు తన్నుకొచ్చింది. వంగి, మెత్తిన బురదంతా చేతులతో లాగి తనవైపు వేసుకుంది. అయ్యేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నడుం పట్టుకుని నిలబడి అటూ ఇటూ చూసింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"ఓలమ్మీ సీతాలూ! నా బోర్డర్ తినేత్తన్నావేటి?" అని తనే అరిచింది.

తిరిగి తిట్టడానికి పార ఎత్తబోయి, మళ్ళీ కింద పెట్టేసింది.