రెండంగుళాల పచ్చిక

ఆకులు రాలడం మొదలవగానే ఆ వీధిలో ఎవరి లాన్ వాళ్లు బాగుచేసుకునేవారు. ఎండుటాకులు ఊడ్చి, దంతెతో చచ్చిన గడ్డిని దువ్వి లాగి, నేలకి ఊపిరాడేలా గునపంతో పొడిచి, ఇసుకా విత్తనాలూ చల్లి నీళ్లు పెట్టేవారు. ఆ పనిలో ఉండగానే ఏటా ఏదో ఒక ఇంట్లో, మనిషి పడుకున్నంత మేర గడ్డి మాడి కనిపించేది. ఆ కొలత ఆ ఇంట్లో ఎవరికి సరిపోతే వాళ్లు మొదటి మంచు పడేలోగా పోయేవారు. దానికి ఎవరూ వింతపడేవారు కాదు. వీధి చివరి బేకరీ ఆయన తన ఆకారం చూసుకుని, కొట్టు తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి, మిగతా లాన్‌కి ఎరువు వేసి మరీ పోయాడు.

ఆ తర్వాతి ఏడు ఆ మాడిన ఆకారం దర్జీ ఇంట్లో వచ్చింది.

దర్జీ అంటే ఆ ఇంటి ఇల్లాలే. తెల్లారిన దగ్గర్నుంచీ ముందుగదిలో మిషను మీద వంగి ఉండేది. భర్త బస్సు డ్రైవరు, ఇంట్లో ఉన్న కాసేపూ నిద్రే. పదేళ్ల కూతుర్ని పెంచిందంతా ఆయన చెల్లెలు. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఆవిడని అందరూ చిన్నమ్మాయి అనే పిలిచేవారు. పిల్లకి జడ వేసినా, లెక్కలు చెప్పినా, జ్వరమొస్తే పక్కన పడుకున్నా ఆవిడే. కాలికి దెబ్బ తగిలితే పిల్ల "అత్తా!" అని ఏడ్చేది. ఆ మాట దర్జీకి పంటి కింద రాయిలా తగిలేది. పైకి మాత్రం ఏమీ అనేది కాదు.

ఆదివారం పొద్దున చిన్నమ్మాయి గడ్డి దువ్వుతూ దువ్వుతూ ఆగిపోయింది.

"వదినా, ఒక్కసారి ఇలా రా."

దర్జీకి టేపు అక్కర్లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి భుజం ఇంత, నడుం ఇంత అని చెప్పగల కన్ను ఆమెది. నాలుగడుగుల అయిదంగుళాలు. ఎడమ భుజం కాస్త దిగుడు. మొన్ననే ఆ కొలతకి స్కూలు గౌను కుట్టింది. అక్కడే కూలబడింది.

"పిల్లదేనా?" అంది చిన్నమ్మాయి.

"పిల్లదే."

"విత్తనాలు జల్లి కప్పేద్దాం వదినా."

"మొలిచేసరికి మూడు వారాలు. మంచు ఈలోగానే పడుతుంది." దర్జీ ఆ మాడిన గడ్డిని చేత్తో నిమిరింది. "తగ్గించలేం గానీ పెంచొచ్చు. బిగువైన బట్టకి కుట్లు విప్పి వదులు చెయ్యమూ? చుట్టూ గడ్డి చెక్కేస్తే పిల్ల కొలత తప్పిపోతుంది."

"తప్పిపోయి, ఎవరి కొలతవుతుంది?"

"నాది. అయిదడుగుల మూడంగుళాలు."

నిజంగా అలాగే అనుకుంది. అబద్ధం లేదు. చిన్నమ్మాయి ఆమెని పట్టుకుని భోరుమంది. ఎంత ఏడ్చినా వేరే దారి తోచలేదు. దర్జీ పార అందుకుంది గానీ సూది పట్టే చేతికి మన్ను కూడా తెగలేదు.

"ఇలా ఇయ్యి, నేను తవ్వుతాను. ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పు," అంది చిన్నమ్మాయి ముక్కు తుడుచుకుంటూ.

ముందు భుజాల పక్కన చెక్కింది. తర్వాత కాళ్ల వైపు. పచ్చగడ్డి ముద్దలు ముద్దలుగా లేచింది.

"చాలా?"

"ఇంకా."

"చాలా వదినా?"

"ఇంకొంచెం."

అప్పుడే పిల్ల వరండాలోకొచ్చి, నిద్రకళ్లతో "అత్తా, ఆకలి" అంది.

"చాలు," అంది దర్జీ.

చిన్నమ్మాయి పార గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, పిల్లకి పాలు కాచడానికి లోపలికి వెళ్లింది. ఆ వారమంతా దర్జీకి వేడివేడిగా వడ్డించింది. ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. చాటుకి పోయి ఏడ్చేది. వడ్డించినదల్లా దర్జీ తింది.

ఎనిమిదో రోజున చిన్నమ్మాయికి జ్వరం తగిలింది. మామూలు జలుబే అన్నాడు డాక్టరు. మర్నాటి మధ్యాహ్నానికి మాట నీరసపడిపోయింది. దర్జీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తుంటే కళ్లు తెరిచింది.

"నిన్న వెళ్లి అందులో పడుకుని చూశాను వదినా. అతికినట్టు సరిపోయింది."

దర్జీ గుడ్డని గిన్నెలో ముంచి పిండింది.

"ఇంకో రెండంగుళాలు తవ్వమని చెప్పి ఉంటే, తవ్వేదాన్ని కదా."

"కన్ను తప్పింది చిన్నమ్మాయ్. కంగారులో..."

"నీ కన్ను తప్పడమా?" అంది చిన్నమ్మాయి. నవ్వబోతే దగ్గొచ్చింది. "పోనీలే. దానికి తెలియనివ్వకు."

గుమ్మం దగ్గర చప్పుడైంది. అత్త కోసం వేడినీళ్ల గ్లాసు పట్టుకుని పిల్ల నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, గ్లాసులోంచి ఆవిరి రావడం లేదు.

సాయంత్రం చిన్నమ్మాయి పోయింది. ఆ తర్వాత మంచు పడింది. వసంతంలో ఆ చోట గడ్డి వీధిలో ఎక్కడా లేనంత ఒత్తుగా వచ్చింది. పిల్ల ఏపుగా ఎదిగింది, గౌన్లన్నీ పొట్టివయ్యాయి. తల్లి టేపు పట్టుకుని దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ పిల్ల రెండు చేతులూ ఒంటికి బిగించుకుని, గోడకి ఆనుకుని నిలబడేది. బతికున్నన్నాళ్లూ తల్లికి మళ్లీ తన కొలత ఇవ్వలేదు.