అనసూయ టీచర్ గొంతు

ఆ రోజు మధ్యాహ్నం రెండున్నరకు నాంపల్లి కోర్టులో అనసూయ టీచర్ సాక్ష్యం చెప్పాలి. పొద్దున పదింటికి ఆవిడ గొంతు ఆబిడ్స్‌లోని నా షాపులో, బల్ల మీద ముక్కలుగా పడి ఉంది.

మాట వరసకు అనడం లేదు. నరాల జబ్బుతో టీచర్‌కు మాట పోయి ఆరేళ్లు. కాళ్లూ చేతులూ కూడా ఒక్కొక్కటే పోయి, ఇప్పుడు కదిలేది కుడిచేతి చూపుడు వేలొక్కటే. ఆ వేలి కింద చిన్న మీట ఉంటుంది. తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతూ పోతుంటే కావలసిన అక్షరం దగ్గర ఆవిడ మీట నొక్కుతారు. వాక్యం పూర్తయ్యాక డబ్బా దాన్ని పైకి చదువుతుంది. ఆ డబ్బా చేసింది నేనే. నాంపల్లి బడిలో నాకు లెక్కలు నేర్పిన మనిషి ఆవిడ. 'ఫోన్లో యాప్ ఉంటుంది కదా జితేందర్' అని నాకు సలహా ఇచ్చిన మహానుభావులు ఇప్పటికి ముప్పై మంది ఉంటారు. గోరంత కదిలే ఒక్క వేలితో ఫోన్ వాడి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం అంటాను వాళ్లతో.

నాలుగు రోజుల కింద కరెంటు ఎక్కువై డబ్బాలోని బోర్డు కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు దొరకదు. దొరికిన కొత్త బోర్డులో ఉన్నది వేరే జాతి ప్రాసెసర్. పాతది కంప్యూటర్లలో ఉండే రకం, ఇది ఫోన్లలో ఉండే రకం. ఒకదాని భాష ఇంకోదానికి తెలియదు. బోర్డుతో పాటు ఇచ్చిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కు మా మీట సంగతి తెలియదు. అంటే కెర్నెల్ నుంచి అంతా నేనే మళ్లీ కట్టుకోవాలి.

ఇక టీచర్ సాక్ష్యం ఎవరి కోసమంటే, కొండమ్మ కోసం. నిరుటిదాకా ఐదేళ్లు టీచర్‌కు స్నానం చేయించి, తినిపించి, వేళకు మందులు వేసింది కొండమ్మే. చెయ్యి సన్నబడి జారిపోతున్నాయని నిరుడు టీచర్ తన రెండు బంగారు గాజులూ ఆమెకు ఇచ్చేశారు. ఆ వెంటనే నిమ్ము చేసి టీచర్ పది రోజులు దవాఖానలో ఉన్నారు. అదే సమయంలో ఆవిడ మేనల్లుడు సుశాంత్ కొండమ్మ పెట్టెలో ఆ గాజులు చూశాడు. దొంగతనం కేసు పెట్టాడు, ఆమెను పనిలోంచి తీసేశాడు. టీచర్ ఇంటికి వచ్చి 'నేనే ఇచ్చిన' అని డబ్బాతో చెబితే, 'మీట ఎవరైనా నొక్కొచ్చు అత్తా, నీతోటి ఎవరో చెప్పిస్తున్నరు' అన్నాడు. సుశాంత్ చెడ్డవాడని నేను అనను. ఒకసారి నమ్మిందాన్ని వదలనివాడు, అంతే.

కొండమ్మ తరఫున ఫీజు లేకుండా వాదిస్తున్న లాయరు మృదుల. టీచర్ ఒంట్లో బాగాలేక సాక్ష్యం ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి కూడా చెప్పలేకపోతే ఇక సాక్ష్యం లేనట్టేనని మెజిస్ట్రేట్ తేల్చేశారు. టీచర్ చెప్పకపోతే కొండమ్మ దొంగ. ఇంకో సాక్షి లేడు.

కెర్నెల్ గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. డబ్బాలో కరెంటు పారగానే ముందు నిద్ర లేచేది అదే. తెరను, మీటను, స్పీకర్‌ను లేపేదీ అదే. దాన్ని కట్టే ముందు అది వేల ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా పరికరం ఉందా, ఫలానాది కావాలా అని. ప్రతి ప్రశ్నకూ మూడు జవాబులు. వై అంటే లోపల కలిపెయ్. ఎన్ అంటే వద్దు. ఎమ్ అంటే విడి ముక్కగా డిస్కులో ఉంచు, అవసరమైనప్పుడు తెచ్చుకుందాం.

నాకు ఎన్ అంటే ఇష్టం. నేను పని నేర్చుకున్న రోజుల్లో బోర్డుల మీద జాగా ఉండేది కాదు, అక్కర్లేనిది ఒక్కటి పెట్టినా మా ఉస్తాద్ రామచందర్ సార్ చెవి మెలిపెట్టేవాడు. ఆ అలవాటు నాకు గొప్ప కూడా అయింది. జితేందర్ కట్టిన కెర్నెల్‌లో వీసమెత్తు కొవ్వు ఉండదని ఫోన్ల దుకాణాలుండే జగదీష్ మార్కెట్ దాకా చెప్పుకుంటారు. చెప్పింది చాలావరకు నేనే అనుకోండి.

మూడు రోజులు కూర్చుని ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చాను. ఆ పొద్దున బోర్డులో కరెంటు పెట్టాను. తెర మీద గబగబా వరసలు పరుగెత్తి, ఒక్కచోట ఆగిపోయాయి. డిస్కు దొరకలేదట. డిస్కంటే ఇందులో చిన్న కార్డు. బోర్డుకే గుచ్చి ఉంది, నా కళ్ల ముందే.

కార్డు తీసి తుడిచి పెట్టాను. కార్డు మార్చాను. వైరు మార్చాను. ప్రతిసారీ అదే వరస, అదే ఆగడం. పదకొండుంబావుకు మృదుల ఫోన్ చేసింది.

"అన్నా, అయిందా?"

"అయితుంది."

"అయితుంది అంటే ఎంత సేపు? రెండింటికల్లా హాల్లో ఉండాలె మనం."

"తెస్తనమ్మా. ఫికర్ చెయ్యకు," అన్నాను. తీసుకుపోలేనేమో అని అప్పటికే నాకు భయం పట్టుకుంది.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఇంకో గంట కార్డులతో కొట్టుకున్నాక గాని అసలు జవాబుల ఫైలు తెరిచి చూడాలని తోచలేదు. చూస్తే, డిస్కును చదివే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, ముందు నేను పెట్టింది ఎమ్. విడి ముక్క. ఆ ముక్క ఉన్నది డిస్కులో. డిస్కు తెరవాలంటే ఆ ముక్క కావాలి. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపు మూసినట్టు. కొత్తగా పనిలో చేరినవాడు ఇలా చేస్తే వాడి ఏడు తరాలనూ తిట్టేవాడిని నేను.

ఎమ్ తీసి వై పెట్టి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. నలభై నిమిషాల పని. ఆ నలభై నిమిషాలూ చేసేది ఏమీ ఉండదు, తెర చూస్తూ కూర్చోవడమే. కిటికీలోంచి పోస్టాఫీసు వైపు చూస్తూ కొండమ్మ గురించి ఆలోచించాను. మొన్న షాపుకు వచ్చింది. మెట్లెక్కి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, 'సార్, అమ్మ డబ్బా బాగైతదా' అని అడిగింది. తన కేసు సంగతి ఎత్తలేదు.

ఒంటిగంటకు బోర్డు లేచింది. షాపు మానిటర్ మీద అక్షరాల వరస వచ్చింది. మీట నొక్కితే అక్షరం పడింది. 'నమస్తే' అని రాసి చదివించాను. టీచర్ డబ్బా గొంతు, ఎత్తుపల్లాలు లేని ఆ ఆడగొంతు, షాపంతా వినిపించింది. కళ్లు తుడుచుకున్నాను. సిగ్గెందుకు, తుడుచుకున్నాను.

బోర్డును, మీటను, చిన్న తెరను, టీచర్ పాత స్పీకర్‌ను, నా ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. ఆటో రెండు వందల గజాలు పోయి ఆగింది. ముందు బస్సులు, వెనక బస్సులు. అరగంటకు పైగా కదల్లేదు. దిగి చాపెల్ రోడ్డు మీదుగా నడిచాను, నడిచానంటే పరుగెత్తాను, యాభై ఏళ్ల పొట్టతో.

హాల్లోకి వెళ్లేసరికి రెండూ ఇరవై. సుశాంత్ టీచర్ చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సమన్లు వచ్చాయి కాబట్టి తీసుకొచ్చాడు. టీచర్ నన్ను చూసి కళ్లు ఒకసారి మూసి తెరిచారు. అవును అనడానికి ఆవిడ గుర్తు అది. కొండమ్మ వెనక చెక్క కటకటాల దగ్గర, మంచి చీర కట్టుకుని, రెండు చేతులతో కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

చిన్న తెర తగిలించాను. స్పీకర్ వైరు గుచ్చాను. మీటను టీచర్ వేలి కింద పెట్టాను. కెర్నెల్ లేచింది. అక్షరాలు వచ్చాయి. మూడింటికి మా కేసు పిలిచారు. మృదుల నా వైపు చూస్తే తల ఊపాను.

"ఈ గాజులు మీవేనా? కొండమ్మ దగ్గరికి ఎట్ల పోయినయి?" అని మృదుల అడిగింది.

టీచర్ వేలు కదిలింది. ఒక్కో అక్షరం. సుశాంత్‌ను నాలుగడుగుల దూరం జరగమన్నారు మెజిస్ట్రేట్, నన్ను కూడా. మీట ఎవరు నొక్కుతున్నారో అందరూ చూస్తున్నారు. ఎనిమిది నిమిషాలు పట్టింది. చివరికి టీచర్ 'చదువు' అన్న గుర్తు దగ్గర మీట నొక్కారు.

డబ్బా పలకలేదు.

మళ్లీ నొక్కారు. పలకలేదు. నేను అనుమతి కూడా అడగకుండా వెళ్లి స్పీకర్ గుబ్బ తిప్పాను, వైరు పీకి గుచ్చాను. అప్పుడు తట్టింది. షాపులో వినిపించిన గొంతు ఈ స్పీకర్‌లోంచి రాలేదు. మానిటర్‌లోంచి వచ్చింది. మానిటర్‌కు శబ్దం పోయే దారి వేరు, ఈ స్పీకర్ గుచ్చే రంధ్రానికి పోయే దారి వేరు. ఆ రెండోదాని ముందు నేను ఎన్ పెట్టాను. ఒక శబ్దం చాలు, రెండెందుకని. ఇల్లలకగానే పండగ కాదని మా అమ్మ ఊరికే అనలేదు. నా పొదుపు నిండు కోర్టులో టీచర్ గొంతు నొక్కేసింది. నేల చీలితే బాగుండుననిపించింది.

"ఏమైంది?" అన్నారు మెజిస్ట్రేట్.

"సౌండ్ వస్తలేదు మేడం. తప్పు నాదే."

"తెర ఇటు తిప్పండి," అన్నారావిడ. తిప్పాను. కళ్లజోడు సర్దుకుని మనసులోనే చదువుకున్నారు. "మాట్లాడలేని సాక్షి కోర్టులో రాసి చూపించినా అది సాక్ష్యమే. పైకి వినిపించాలని ఏం లేదు." తర్వాత టైపిస్టుకు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పి రాయించారు.

అవతలి లాయరు లేచి, ఎవరైనా నేర్పించి చెప్పిస్తున్నారా అని టీచర్‌ను అడిగాడు. మళ్లీ వేలు కదిలింది. తెర మీద పడింది చూసి మెజిస్ట్రేట్ నవ్వు ఆపుకున్నారు. 'నాకు నేర్పెటోళ్లు ఇంకా పుట్టలే' అని ఉంది. అదీ ఇంగ్లీషులో రికార్డుకెక్కింది. తీర్పుకు తేదీ ఇచ్చి ఇంకో కేసు పిలిచారు.

వరండాలోకి వచ్చాక మృదుల నా చెయ్యి పట్టుకుని, "కేసు నిలవదన్నా ఇగ, మెజిస్ట్రేట్ మొహం చూసినవా?" అంది. కొండమ్మ మాత్రం మెట్ల పక్కన గోడ వైపు తిరిగి కూర్చుంది. వెళ్లి పలకరించాను.

"కొండమ్మా, అయిపోయింది. ఇంక భయం లేదు."

"ఏమైపోయింది సార్? అమ్మ ఏం అనలే."

"అన్నారు. రాసి చూపించిన్రు కదా."

"నాకు సదువు రాదు. జడ్జిమ్మ ఇంగ్లీషుల ఏదో చెప్పింది. నేను అమ్మ దిక్కే చూస్తున్న. డబ్బా నోరు తెరవలే." కొంగు చివరను వేళ్లకు చుట్టుకుంటూ అంది, "అమ్మ కూడ నన్ను దొంగనే అనుకుంటుందేమో. గందుకే సప్పుడు చెయ్యలేదేమో."

హాల్లో చదువుకున్నవాళ్లందరికీ ఆ మాట తెర మీదో ఇంగ్లీషులోనో అందింది. ఎవరి కోసం రాశారో ఆ మనిషికి మాత్రం ఒక్క ముక్క చేరలేదు. అది మా ఎవరికీ తట్టలేదు.

"టీచర్ ఏం రాసిన్రో నేను చెప్త విను," అని వాక్యం మొత్తం చెప్పాను.

ఆమె విన్నది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "మీరు మంచోళ్లు సార్, మీరు గట్లనే అంటరు. అమ్మ అనాలె."

వరండాలో ఫైళ్ల మోపు పెట్టుకునే చెక్క బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. కెర్నెల్ మొత్తం మళ్లీ కట్టక్కర్లేదు. ఆ రంధ్రానికి సంబంధించిన రెండు డ్రైవర్లను విడి ముక్కలుగా కడితే చాలు, నడుస్తున్న కెర్నెల్‌కు అలాగే తగిలించవచ్చు. పొద్దున నన్ను ముంచిన ఎమ్ అన్న అక్షరాన్నే ఎన్ తీసేసి ఆ రెండింటి ముందూ పెట్టాను. పది నిమిషాలు పడుతుంది.

"వ్యాన్ వెయిట్ చేస్తుంది. ఇంటికి పోయినంక చేసుకోండి," అన్నాడు సుశాంత్, కుర్చీ తిప్పుతూ.

చిన్న తెర ఇంకా టీచర్ ముందే ఉంది. మీట వేలి కిందే ఉంది. తెర మీద రెండక్షరాలు పడ్డాయి. 'ఆగు.' సుశాంత్ ఆగాడు.

ల్యాప్‌టాప్‌లో వరసలు పోతున్నాయి. ఒక్క తప్పు వచ్చినా మళ్లీ మొదలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ పదకొండు శాతం. కొండమ్మ గోడ వైపు నుంచి తిరగలేదు. నాకు కోర్టులో కంటే ఇక్కడే ఎక్కువ భయం వేసింది. అక్కడ పోతే చట్టం ఏదో దారి చూపించింది, ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

ముక్కలు తయారయ్యాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి డబ్బాకు పెట్టి ఒక్కొక్కటే తగిలించాను. స్పీకర్‌లో టక్కుమని చిన్న చప్పుడైంది. టీచర్ నన్ను అడగలేదు. హాల్లో రాసిన వాక్యం తెర మీదికి మళ్లీ తెచ్చి, మీట నొక్కారు.

"గాజులు నేనే ఇచ్చిన," అంది డబ్బా, వరండాలో జనమంతా తిరిగి చూసేంత గట్టిగా. "కొండమ్మ మూడు రోజులు వద్దన్నది. నేనే వినలే."

కొండమ్మ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. టీచర్ మళ్లీ నొక్కారు. అదే మాట, అదే గొంతు. మూడోసారి కూడా నొక్కారు. సుశాంత్ కుర్చీ పిడి మీద చేతులు పెట్టి కిందికి చూస్తున్నాడు.

కొండమ్మ లేచి, కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని, టీచర్ దగ్గరికి వచ్చి పక్కకు ఒరిగిన తలను నిటారుగా పెట్టింది. సుశాంత్ వైపు తిరిగింది.

"నాలుగైంది బాబూ. అమ్మకు గోళీలు ఇచ్చిన్రా?"

సుశాంత్ భుజానికి తగిలించుకున్న మందుల సంచి తీసి ఆమె చేతికిచ్చాడు.