ఏడవని బిడ్డ

నాలుగో ఆవు పొదుగు కింద కూర్చున్న పంకజాక్షికి కళ్లు బైర్లు కమ్మాయి. పొద్దున్నే బిడ్డనెత్తుకుని పలమనేరులో పిల్లల డాక్టరు దగ్గరికి పోయి, సాయంత్రం బస్సు దిగీ దిగగానే ఆమె చేతికి అత్త చంద్రకాంతమ్మ బకెట్ ఇచ్చింది. పాలవ్యాను వచ్చే వేళైంది. వ్యానుకు ఆసుపత్రులతో పనేమిటి?

కొట్టం అరుగు మీద, గోనెపట్టాపై ఎనిమిది నెలల స్రవంతి పడుకుని ఉంది. నాలుగో నెలలో మెడ నిలిపి కిలకిలా నవ్విన పిల్ల ఇప్పుడు మెడ నిలపదు, నవ్వదు, ఏడవదు. చేతులు మాత్రం సన్నగా వణుకుతుంటాయి. ఏడవనందుకు ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. తల్లి పనికి అడ్డురాని బిడ్డ ఎవరికి చేదు! పంకజాక్షి కూడా మురిసిపోయింది.

ఆ ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ లావైతే కాన్పు కష్టమని ఆమెకు పాలు పోయలేదు. కాన్పయ్యాక పత్యం. బిడ్డ చనుబాలు మానేదాకా పాతబియ్యపు అన్నం, మిరియాల కారం, వెల్లుల్లి, అంతే. రోజుకు ముప్పై లీటర్లు పిండే మనిషి నాలుకకు పాలచుక్క తగిలి ఏడాది దాటింది.

డాక్టరమ్మ బిడ్డకు ఎర్రమందు సూది వేసి, దాచకుండా చెప్పింది.

"నీ ఒంట్లోనే బి పన్నెండు విటమిన్ లేదమ్మా, ఇంక నీ పాలల్లో యాడుంటాది? బిడ్డకు మెదడు పెరిగే నెలలివి. వణుకు తగ్గతాది, మెడ నిలబెడతాది. పోయిన తెలివి ఎంత తిరిగొస్తాదో నేను చెప్పలేను. నువ్వూ సూదులేయించుకో. పాలు, పెరుగు బాగా తీసుకో."

ఇప్పుడు పంకజాక్షి ఆవు కింద నుంచి లేచి ఆ మాటే అత్తకు చెప్పింది.

"బిడ్డకు సూదేసినారు గదా, ఇంక నీకు పాలెందుకు?" అంది చంద్రకాంతమ్మ. "బాలింత పాలు తాగితే బిడ్డకు కఫం పడతాది. నేనూ ఇదే పత్యం తిన్నాను. నా పెద్దబిడ్డ గూడా ఇట్లే, ఎంత బుద్ధిమంతురాలనుకున్నావు! ఏడుపే ఎరగదు."

"ఆ యమ్మి యాడుండాది అత్తా?"

ఏడాది నిండకుండా పోయిన ఆ పిల్ల సంగతి పంకజాక్షి ఇరుగుపొరుగు నోటనే విన్నది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. చంద్రకాంతమ్మ ముఖం వాడిపోయింది. అంతలోనే గట్టిపడింది.

"నోరు లేస్తాండాదే నీకు. బకెట్ ఇట్లియ్యి."

"ఇయ్యను."

పంకజాక్షి చెంబు తీసి బకెట్లో ముంచింది. నురుగుతో సహా నిలబడే తాగింది. ఏడాదిగా పాలెరగని కడుపు తిప్పేసి, సగం అక్కడే కక్కుకుంది. పైటచెంగుతో మూతి తుడుచుకుని, అత్త చూస్తుండగానే చెంబు మళ్లీ ముంచింది.