ముళ్ళు లేని కిరీటం

టీ ఫ్లాస్కు పట్టుకుని, రిహార్సల్ జరుగుతున్న చర్చి హాల్లో అడుగుపెట్టిన కాంతమణికి ఏసుప్రభువు వేషంలో ఉన్న కాలేబు ఎదురయ్యాడు. అతని నెత్తిమీద నాలుగు చుట్లు చుట్టి ఉన్నది ఆమె కుండీలో పెంచుకుంటున్న మాండెవిల్లా పూలతీగ.

పొరపాటు పడే అవకాశమే లేదు. తాను కట్టిన పచ్చ ఊలుదారం ముడి కూడా విప్పకుండా అల్లాడు మహానుభావుడు. మహానుభావుడంటే ఆమె భర్త రోనాల్డ్, గుడ్‌ఫ్రైడే నాటకానికి దర్శకుడు. పోయినేడు తుమ్మముళ్ళ కిరీటం కాలేబు నుదురు చీరేస్తే, వాళ్ళమ్మ కమిటీ దాకా వెళ్ళి గొడవపెట్టుకుంది. అందుకని ఈసారి ముళ్ళు లేని ఎండుతీగ కోసం ఊరంతా వెతుకుతున్నానని రోనాల్డ్ చెప్పుకు తిరిగాడు. ఊరంతా తిరిగి చివరికి సొంతింటి కిటికీ దగ్గర ఆగాడన్నమాట.

కాంతమణి కాకినాడలో చెల్లెలి మనవరాలి బాప్తిస్మం చూసుకుని ఆ పొద్దునే కార్ఖానా బస్తీలోని తమ ఇల్లు చేరింది. కిటికీ దగ్గర కుండీ లేదు. చలి తగ్గింది కదా, ఎండ తగలాలని ఆయనే మేడమీద పెట్టి ఉంటాడనుకుంది. ఈయనకు కూడా ఇంత ధ్యాస ఉందా అని అరగంట సేపు మురిసిపోయింది. ఆ మురిపెం గుర్తొచ్చి ఇప్పుడు ఒళ్ళు మరింత మండింది.

మాండెవిల్లాకు చలి పడదు. మొదటేడు ఆరుబయట వదిలేస్తే డిసెంబరులో సగం నల్లబడిపోయింది. అప్పటినుంచి మూడు శీతాకాలాలు, ఇంటిముందు క్రిస్మస్ స్టార్ కట్టే రోజుల్లోనే ఆమె కొసలు కత్తిరించి కుండీని లోపలికి తెచ్చుకునేది. పదిరోజులకొక గ్లాసుడు నీళ్ళు, అంతకుమించి పోస్తే వేరు కుళ్ళుతుంది. పొద్దున తూర్పు కిటికీకి, మధ్యాహ్నం పడమటి గదికి, నడుం పట్టేసినా మోసేది. జనవరికల్లా ఆకులన్నీ రాలిపోయి ఒట్టి పుల్లలు మిగిలేవి. చూసేవాళ్ళకు చచ్చినట్టే ఉంటుంది, ఎండలు ముదిరాక గులాబిరంగు పూలు విరగబూస్తాయి. ఆ కుండీ పక్కనే కూర్చుని పేపరు చదివే మనిషికి మాత్రం ఒక్కసారైనా ఇదేమిటని అడగబుద్ధి కాలేదు.

"కుండీ ఏదండీ?" అని అడిగింది.

రోనాల్డ్ చేతిలోని స్క్రిప్టుతో స్టేజీ వైపు చూపించాడు. "సిలువ నిలబడ్తలేదని దాంట్ల కంకర పోసి పెట్టిన. మస్తుగ నిలబడ్డది."

"వేరు?"

"మొన్న గురువారమే పీకి చెత్తబండిల ఏసిన. ఎండిపోయింది గదా కాంతా."

ఆమె ఫ్లాస్కు బల్లమీద పెట్టింది. వచ్చింది ఏడుపు కాదు, కోపం. తనలో ఇంత కోపం ఉందని ఆమెకే తెలియదు. కాలేబు దగ్గరికి వెళ్ళి, "జెర వంగు నాయనా" అని కిరీటం తీసుకుంది. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉంది, సన్నగా పాలు ఊరాయి.

"ఇది ఎండిందా? ప్రతి చలికాలం మీ కండ్ల ముందే దీన్ని మోస్తున్న. ఇదేందే అని ఒక్కనాడన్న అడిగిండ్రా?"

అట్టకత్తులు పట్టుకున్న రోమా సైనికులు నేల చూపులు చూశారు.

రోనాల్డ్ నవ్వబోయాడు. "నర్సరీల ఇంకోటి తెస్త తియ్యి. అందరి ముందట గింతదానికి గిట్ల పరేషాన్ ఎందుకు?"

"ఇంకోటి ఎవరడిగిండ్రు?"

రిహార్సల్ చూస్తున్న పాస్టరు జకర్యా అయ్యగారు మధ్యలోకి వచ్చారు. "సిస్టర్, ప్రభువు శ్రమలు తలచుకునే శ్రమకాలంలో ఉన్నాం. తెలియక చేసిన పని. క్షమించేయండి."

"క్షమించమని ఈయన అడగలేదు అయ్యగారూ. మీరు అడుగుతున్నారు."

అందరూ రోనాల్డ్ వైపు తిరిగారు. కాంతమణి కూడా ఎదురుచూసింది. ఒక్కమాట చాలనుకుంది, అలా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకేసింది.

రోనాల్డ్ ఆమె చేతిలోని తీగను, కాలేబు ఉత్త నెత్తిని మార్చి మార్చి చూశాడు.

"మరిప్పుడు కిరీటం ఎట్ల?"

ఆమె వేషాల పెట్టెలోంచి కత్తెర తీసి, బల్లమీదే కిరీటాన్ని జానెడు జానెడు ముక్కలు చేసింది. ప్రతి ముక్కకూ రెండు కణుపులు ఉండేలా చూసుకుంది. ఆపుదామని ఒకరిద్దరు కదిలారు గాని ఆమె మొహం చూసి ఆగిపోయారు. పదకొండు ముక్కలు వచ్చాయి. తడి రుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. నాటాక వేరు పట్టాలంటే నెలన్నర పడుతుంది, పట్టకనూ పోవచ్చు.

"అల్వాల్‌ల మా లీలాకుమారక్క ఇంటికి పోతున్న," అంది భర్తతో. "ఇవి బతికినయా, సచ్చినయా అని మీరు ఫోన్ చేసి అడగాలె. అడిగిననాడే ఇంటికొస్త."

రోనాల్డ్ స్క్రిప్టు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆమె మెట్లు దిగి రోడ్డు దాటి, బస్‌స్టాప్‌లో నిలబడింది.