తలుపు పక్కన స్టూలు

సారు రాకముందే బెల్లు ఒకసారి నొక్కి చూడడం కృష్ణవేణమ్మ అలవాటు. బల్ల తుడిచి, గ్లాసులో నీళ్లు పోసి మూత పెట్టి, కుర్చీ మీది తెల్ల తువ్వాలు దులిపి పరిచి, చివరగా బల్ల అంచున ఉన్న మీట నొక్కింది. బయట, తలుపు పైన, బెల్లు టుర్రుమంది. నొక్కింది తన వేలే అయినా ఆమె గుండె ఒకసారి ఉలిక్కిపడింది. ఏళ్ల తరబడి పడిన అలవాటు మరి.

ఆ బెల్లు కింద, తలుపు పక్కన, ఒక చెక్క స్టూలు ఉంది. ఆమెకు ముందు దాని మీద ఆమె భర్త శివన్న కూర్చునేవాడు. కడప కలెక్టరేటు వెనక ఉన్న ఆ చిన్న ఆఫీసులో అటెండరుగా ఉంటూనే గుండె ఆగి పోయాడు. కారుణ్య నియామకం కింద ఆయన ఉద్యోగమూ, దాంతోపాటు ఆ స్టూలూ ఆమెకు వచ్చాయి. ఆయన సంపాదించి పెట్టిన ఆస్తి అంతే అనుకోవాలి. పొట్టిగా ఉన్న ఒక కాలి కింద కడప బండ పెచ్చు పెట్టింది ఆయనే. అది ఇంకా అక్కడే ఉంది. పైనున్న చిన్న దిండు మాత్రం ఆమె కుట్టింది, ఆయన గళ్ల లుంగీ చించి, లోపల దూది కూరి.

ఇవాళ ఆ దిండు మీద ఆమె కుదురుగా కూర్చోలేకపోతోంది. మధ్యాహ్నం ఎమ్మే వైవా ఉంది.

ఇంటరుతో చదువు ఆపి పెళ్లి చేసుకున్న మనిషి. ఉద్యోగంలో చేరాక, ఆఫీసు వాళ్ల ముసిముసి నవ్వుల మధ్య దూరవిద్యలో డిగ్రీ గట్టెక్కింది. ఆ వెంటనే జూనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చింది, బద్వేలుకు. వద్దని రాసిచ్చేసింది. కూతురి చదువు పాడవుతుందని అందరికీ చెప్పింది కానీ, అసలు సంగతి భయం. కుర్చీలో కూర్చుంటే జనం ఎదురుగా వచ్చి నిలబడతారు, ఏదో అడుగుతారు, తనే జవాబు చెప్పాలి. స్టూలు మీద ఆ బాధ లేదు. సారును అడగండి అంటే సరిపోతుంది.

ఆ భయం తనకే సిగ్గనిపించి, ప్రభుత్వ పాలనాశాస్త్రంలో ఎమ్మే కట్టింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది ప్రమోషన్ల జాబితాలో ఆమె పేరు మళ్లీ పైకొచ్చింది. ఎమ్మే పాసైతే కుర్చీకి పోవాలి, తప్పితే రిటైరయ్యేదాకా స్టూలే అని తనకు తాను మాట ఇచ్చుకుంది. రాత పరీక్షలు అయిపోయాయి, మిగిలింది ఈ వైవా ఒక్కటే. దానికి వెళ్లాలంటే పూట సెలవు కావాలి. ఆ సెలవు ఇంతవరకూ అడగలేదు.

సారు వచ్చాడు. ఆమె ఒకసారి నీళ్లతో లోపలికి వెళ్లింది, ఇంకోసారి ఫైళ్లతో వెళ్లింది. రెండుసార్లూ మాట నోట్లో పెట్టుకునే బయటికి వచ్చింది.

సంగతి తెలిసింది సూపరింటెండెంటు నాగసుబ్బయ్య ఒక్కడికే. అదీ ఆమె సంచీలో పుస్తకం చూసి పట్టేశాడు. అటుగా పోతూ ఆగాడు.

"ఏం కృష్ణవేణమ్మా, అడిగినావా ల్యాదా?"

"అడుగుతానన్నా. సారు ఫోనులో ఉండాడు."

"సారు ఫోను పెట్టేసి శానా సేపాయె. నువ్వే ఈడ కూచోని కొంగు నలుపుతాండావు."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమెకు నవ్వు రాలేదు. అప్పుడే మెట్లెక్కి ఒక ముసలాయన వచ్చాడు. పేరు తిమ్మయ్య, అంతకుముందు ఒకసారి వచ్చినవాడే. చెప్పులు వరండా చివర విప్పి, చేతిలో అర్జీ కాగితం పట్టుకుని నాలుగడుగులు వేశాడు. కృష్ణవేణమ్మ ముఖంలోకి చూశాడు. అడుగు ఆపి, ఇంకోసారి చూశాడు.

"మళ్లొస్తాలే తల్లీ," అన్నాడు.

చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు. ఆమె ఆయన్ను చూసింది కానీ పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా తలుపు మీదే ఉంది.

బెల్లు మోగింది. లోపలికి వెళ్లింది.

"మధ్యాహ్నం పైవాళ్లతో మీటింగుంది. నీళ్ల సీసాలు, బిస్కెట్లు చూడు. ఎక్కడికీ పోవద్దు," అన్నాడు ధనుంజయ సారు, తల ఎత్తకుండా.

ఇక ఆగితే పని చెడుతుందని ఆమెకు అర్థమైంది. కళ్లు మూసుకున్నంత పని చేసి చెప్పేసింది. సారు అప్పుడు తల ఎత్తాడు.

"ఎమ్మేనా? నువ్వా? ఎన్నడూ చెప్పలేదే."

"పాసయితే చెబుదామనుకుంటి సార్."

ఆయన కాసేపు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "సరే, నీళ్లు పెట్టేసి పో," అన్నాడు. అంత చిన్న మాట కోసం పొద్దుటి నుంచీ ఒళ్లు హూనం చేసుకున్నందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

కాలేజీ వరండాలో తమ వంతు కోసం కూర్చున్న వాళ్లంతా కూతురి ఈడు వాళ్లు. ఇస్త్రీ చొక్కాలు, మెడలో గుర్తింపు కార్డులు. ఆమె జవాబులు మనసులో వల్లించుకుంటోంది. ఒకటి గుర్తొస్తే ఇంకొకటి జారిపోతోంది. పేరు పిలిచేసరికి సంచీ పట్టుకుని లేచింది.

లోపల ఇద్దరున్నారు. ఒకామె స్వర్ణలత, వయసులో చిన్నది. పక్కన పెద్దాయన, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. బల్ల మీద వాళ్లు తాగిన టీ గ్లాసులు రెండు ఖాళీగా ఉన్నాయి. ఏం చేస్తారని అడిగితే, ప్రభుత్వ ఉద్యోగం అని ఊరుకుంది కృష్ణవేణమ్మ. అటెండర్ని అనడానికి నోరు రాలేదు.

"పౌరులకూ పాలనకూ మధ్య దూరం ఎందుకు పెరుగుతుంది?" అని అడిగింది స్వర్ణలత.

తెలిసిన ప్రశ్నే. ప్రాణం లేచొచ్చింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అందుకుంది. మొదటి కారణం చెప్పింది, రెండోదీ చెప్పింది. మూడోది మొదలుపెట్టబోతుండగా పెద్దాయన ఎవరినో పిలవడానికి బల్ల కింద మీట నొక్కాడు. బయట బెల్లు టుర్రుమంది.

కృష్ణవేణమ్మ లేచింది. ఖాళీ గ్లాసులు రెండూ ఒక చేత్తో అందుకుని, కుర్చీ వెనక్కి జరిపి, గది దాటి వరండాలోకి వచ్చింది. ఎదురుగా కుర్రవాళ్లు తల ఎత్తి చూశారు. అప్పుడు తెలిసింది, తను చేసిందేమిటో.

ముఖం మండిపోయింది. అలాగే మెట్లు దిగి, ఆటో ఎక్కి, ఆఫీసుకు వెళ్లిపోదామనిపించింది. వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు, స్టూలు ఎటూ ఉంది. మెట్ల వైపు ఒక అడుగు వేసింది కూడా. కానీ సంచీ లోపలే ఉంది, దాంతోపాటు రెండేళ్ల చదువూ లోపలే ఉంది. గ్లాసులు అక్కడి కిటికీలో పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, మళ్లీ లోపలికి వచ్చింది.

"మేడమ్, నేను అటెండర్ని. ఇందాక చెప్పలేదు. బెల్లు మోగితే నాకు తెలీకుండానే లేస్తా," అంది.

పెద్దాయన ఇబ్బందిగా కళ్లద్దాలు సర్దుకున్నాడు. స్వర్ణలత నవ్వలేదు, జాలిపడనూ లేదు.

"కూర్చోండి. మూడో కారణం దగ్గర ఆగారు."

ఆ మూడోది ఎంత వెతికినా దొరకలేదు. ఉన్నట్టుండి పొద్దున మెట్లు దిగిపోయిన తిమ్మయ్య కళ్ల ముందు నిలబడ్డాడు.

"మూడోది మర్చిపోతి మేడమ్. ఇంగొకటి చెప్పనా? పొద్దున ఒక ముసలాయన మా ఆఫీసుకొచ్చినాడు, చేతిలో అర్జీ ఉండాది. నా మొగం చూసి ఎనక్కి పాయె. లోపలుండే సారును ఆయప్ప చూడనే ల్యా. నేను ఈ పరీచ్చకు భయపడతాంటి. ఆయప్ప అది కోపమనుకున్యాడు. ఆయప్పకు మటుకు గవర్నమెంటంటే నేనే కదా మేడమ్. ఈ చదువు చదవకపోతే నాకిది తోచేది గాదు."

"అది పాఠంలో దేని కిందికి వస్తుంది?" అన్నాడు పెద్దాయన.

"జవాబుదారీతనం కిందికి వస్తాదేమో సార్. గట్టిగా చెప్పల్యాను."

ఆయన ఊఁ అన్నాడు. స్వర్ణలత ఏదో రాసుకుని, ఇక వెళ్లవచ్చంది. పాసో ఫెయిలో ఆ ముఖాల్లో ఏమీ కనిపించలేదు. ఎదుటివాళ్ల ముఖం చూసి తేల్చుకోవాల్సి రావడం ఎంత నరకమో ఆటోలో వస్తూ ఆమెకు మొదటిసారి తెలిసింది.

తిమ్మయ్య మళ్లీ వచ్చిన రోజున ఆమె స్టూలు మీంచి లేచి ఎదురెళ్లింది. "రాప్పా, సారు ఉండాడు," అని కాగితం అందుకుని లోపలికి తీసుకెళ్లింది. బెల్లు మోగకుండానే ఆమె లేవడం నాగసుబ్బయ్య చూశాడు.

ఫలితాలు వచ్చేదాకా ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. రెండో తరగతిలో పాసైంది. నెల తిరగకుండా ఉత్తర్వూ వచ్చింది, మళ్లీ బద్వేలుకే. భయం ఈసారీ ఉంది, అంతే ఉంది. అయినా వద్దని రాసివ్వలేదు.

వెళ్లే రోజు సారు శాలువా కప్పి, మీట నొక్కి చూసే అలవాటు ఇక ఎవరికి వస్తుందో అన్నాడు. నాగసుబ్బయ్య ఆమె సంచీ మోసుకుంటూ మెట్ల దాకా వచ్చాడు.

"దిండు తీస్కపోవా? శివన్న లుంగీ గదా."

"ఉండనీన్నా. ఎవరొస్తారో, ఏమో. స్టూలు శానా గట్టిది," అంది.

సగం మెట్లు దిగిందో లేదో, పైన బెల్లు మోగింది. సారు అలవాటు కొద్దీ నొక్కి ఉంటాడు. కృష్ణవేణమ్మ కాళ్లు ఆగిపోయాయి. ఒక చేయి గోడకు ఆనించి, బెల్లు ఆగేదాకా అక్కడే నిలబడింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, బద్వేలు బస్సుకు ఆలస్యమవుతుందని మిగతా మెట్లు దిగింది.

పైన తలుపు పక్కన స్టూలు ఖాళీగా ఉంది, గళ్ల లుంగీ దిండు మధ్యలో ఆమె కూర్చున్న గుంట ఇంకా పూడలేదు.